కర్సర్ మార్చే ముందు ఇవి చూసుకోండి

కడప ఏడురోడ్ల పక్కన డీటీపీ సెంటర్లో పెళ్లిపత్రికల సీజన్లో సిస్టమ్ ఒక్క పూట మొరాయించినా టెన్షనే. డెస్క్‌టాప్‌కు మౌస్ బాణం (కర్సర్) మార్చడం లాంటి సోకులు చేసే ముందు కాస్త ఆగండి.

☐ ఫైలు పేరు చివర చూడండి. కర్సర్ బొమ్మయితే డాట్ సీయూఆర్, కదిలేదైతే డాట్ ఏఎన్ఐ. ఉత్త బాణం గుర్తుకు డాట్ ఈఎక్స్ఈ (నొక్కితే నడిచే ప్రోగ్రామ్) అంటగడుతున్నారంటే అనుమానించాల్సిందే. విండోస్ ఈ తోకను మామూలుగా దాచేస్తుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ వ్యూలో 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' ఆన్ చేస్తేనే అసలు రంగు బయటపడుతుంది.

☐ ఇన్‌స్టాల్ తప్పదంటే ముందు రీస్టోర్ పాయింట్ (తేడా వస్తే సిస్టమ్ సెట్టింగులను వెనక్కి తెచ్చుకునే గుర్తు) పెట్టండి. 'నెక్స్ట్, నెక్స్ట్' అని నొక్కుకుంటూ పోతే అడగని టూల్‌బార్లు కూడా దిగుతాయి.

☐ కర్సర్ ఫైళ్లను డౌన్‌లోడ్స్‌లో వదలొద్దు. విండోస్ గుర్తుపెట్టుకునేది వాటి దారినే, అంటే ఏ ఫోల్డర్లో ఉన్నాయన్నదే. ఫోల్డర్ ఊడ్చేస్తే మళ్లీ పాత బాణమే. వేరే ఫోల్డర్లో పెట్టి, మౌస్ ప్రాపర్టీస్‌లోని పాయింటర్స్ ట్యాబ్‌లో వాటిని ఎంచుకుని 'సేవ్ యాజ్' కొట్టండి. నచ్చకపోతే అక్కడే 'విండోస్ డిఫాల్ట్' ఉంటుంది.

☐ క్లిక్ పడే చుక్క బొమ్మ కొసకే ఉందా? నెమలీక కర్సర్ ముచ్చటగానే ఉంటుంది గానీ, చుక్క పక్కకు జరిగితే పత్రికలో అక్షరం పట్టుకోవడం నరకం.

☐ ర్యామ్ 4 జీబీ అయితే కదిలే వాల్‌పేపర్ వద్దు.

☐ ఆఫీసు సిస్టమా? సార్‌ని అడగండి.