హోమ్ థియేటర్‌లో సినిమా అదిరిపోతోంది, పాట మాత్రం తేలిపోతోందా?

5.1 సెట్‌లో, అంటే అయిదు స్పీకర్లు, బాస్ కోసం ఒక సబ్ వూఫర్ ఉన్నదాంట్లో, సినిమా వేస్తే హాలు దద్దరిల్లుతుంది, డైలాగు మాట మాటా వినిపిస్తుంది. అదే సెట్‌లో పాట వేస్తే నీరసం. గొంతు ఎటు నుంచి వస్తోందో తెలియదు, తబలా డగ్గాలో బరువుండదు, ఎంత సౌండు పెంచినా గోల పెరుగుతుందే తప్ప పాట దగ్గరికి రాదు. ఇక్కడ చాలామంది కొత్త స్పీకర్ల ధరలు చూడ్డం మొదలుపెడతారు, లేదంటే బాస్, ట్రెబుల్ గుబ్బలు తిప్పుతారు. రెండూ తర్వాత. ముందు రిమోట్ తీసుకోండి.

స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టె, అదే రిసీవర్, దాని డిస్‌ప్లే మీద ఏ మోడ్ ఉందో చదవండి. ఇంత చిన్న పని పది మందిలో తొమ్మిది మంది చెయ్యరు. ‘ఆల్ చానల్ స్టీరియో’, ‘డాల్బీ సరౌండ్’, ‘హాల్’, ‘జాజ్ క్లబ్’ లాంటివి కనిపిస్తే, రెండు చానళ్ల పాటను రిసీవర్ అయిదు స్పీకర్లకు పంచుతోందన్నమాట. ‘స్టీరియో’ పెట్టండి. ముందున్న రెండు స్పీకర్లు, సబ్ వూఫర్ మాత్రమే మోగాలి. చాలా రిసీవర్లలో ‘ప్యూర్ డైరెక్ట్’ నొక్కితే సబ్ కూడా ఆగిపోతుంది, చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లున్నవాళ్లు దాని జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. నైట్ మోడ్, డైనమిక్ వాల్యూమ్ ఆపేయండి. పాట టీవీ ద్వారా వస్తుంటే టీవీ సౌండ్ సెట్టింగుల్లో ‘క్లియర్ వాయిస్’ లాంటివి కూడా.

దీంతోనే బాగుపడితే సరే. అలాక్కాకుండా, స్టీరియో నొక్కగానే పాట ఇంకా అధ్వానంగా మారి, ‘ఆల్ చానలే నయం’ అనిపించిందా? అయితే దొంగ దొరికినట్టే.

ప్లస్, మైనస్ తారుమారు

ముందున్న రెండు స్పీకర్లలో ఒకదానికి వైర్లు తిరగబడి ఉంటాయి. ఒక స్పీకర్ కోన్, అంటే లోపల కదిలే గరాటు పొర, గాలిని ముందుకు నెడుతుంటే రెండోది వెనక్కి లాక్కుంటుంది. లోతైన స్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మధ్యలో నిలబడాల్సిన గొంతు చెదిరిపోతుంది.

వెనకటి రెండు స్పీకర్ల డెక్కులో అయితే ఇది అయిదు నిమిషాల్లో పట్టుబడేది, బాస్ మొత్తం మాయమయ్యేది కాబట్టి. హోమ్ థియేటర్‌లో మాత్రం ఏళ్ల తరబడి దాక్కుంటుంది. మామూలుగా 80 హెర్ట్జ్ కింద ఉన్న లోతైన బాస్ అంతా సబ్ వూఫర్‌కు పోతుంది, అది ఒక్కటే కాబట్టి అక్కడ కొట్లాట లేదు, బాస్ దండిగానే ఉన్నట్టుంటుంది. డైలాగులు సెంటర్ స్పీకర్‌లో వస్తాయి కాబట్టి సినిమాకు లోటు తెలియదు. ఆల్ చానల్ మోడ్‌లోనూ గొంతును సెంటర్ స్పీకరే మోస్తుంది. దెబ్బ పడేది 80 హెర్ట్జ్ పైన, మగ గొంతులోని గాంభీర్యం, డగ్గా బరువు ఉండేచోట. అందుకే ‘సినిమాకి బాగుంది కదా, వైరింగ్ సరిగ్గానే ఉంటుంది’ అనే వాదన చెల్లదు.

‘వైర్లు చూశాం, ఎర్రది ఎర్రదానికే ఉంది’ అంటారు. నిజమే, రెండు కొసల్లోనూ అలాగే ఉంటుంది. తిరగబడింది గోడలో. హైదరాబాద్‌లో మియాపూర్, కొండాపూర్, నార్సింగి వైపు ఫ్లాట్లలో ఇంటీరియర్ పని జరిగేటప్పుడే స్పీకర్ వైర్లను కరెంటు పైపుల్లోంచి లాగేస్తారు. పొడవు చాలకపోతే ఫాల్స్ సీలింగ్ పైన ఒక అతుకు వేసి టేపు చుడతారు. అక్కడ రెండు వైర్లూ ఒకే రంగువైతే ఏది ఏదో చూసేవాడుండడు. పారదర్శకమైన తొడుగున్న కేబుల్‌లో ఒక తీగ రాగి రంగు, ఇంకోటి వెండి రంగు ఉంటుంది. ఎడమ స్పీకర్‌కు రాగిని ప్లస్‌గా, కుడిదానికి వెండిని ప్లస్‌గా బిగించిన ఇళ్లకు లెక్కలేదు.

చెవితో పట్టుకోవాలంటే ఘంటసాల కాలం నాటి పాట ఒకటి వేయండి. అసలు మోనో రికార్డింగే, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే ధ్వని వచ్చేదే కావాలి. తర్వాత స్టీరియో లాగా మార్చి వదిలినవి ఈ పరీక్షకు పనికిరావు. స్టీరియో మోడ్‌లో, రెండు స్పీకర్లకూ సమాన దూరంలో కూర్చోండి. గొంతు టీవీ నడుమ, గుండు సూది గుచ్చినంత కచ్చితంగా నిలబడాలి. అలాక్కాకుండా రెండు పక్కలకూ పరుచుకున్నా, తలలోపల ఎక్కడో మోగుతున్నట్టున్నా వైర్లు తిరగబడ్డట్టే. రిసీవర్ ప్లగ్ పీకేయండి, స్టాండ్‌బై సరిపోదు. ఒక్క స్పీకర్ వైర్లు మాత్రమే అటూ ఇటూ మార్చి మళ్లీ వినండి. రెండింటికీ మారిస్తే మొదటికే వస్తారు. బిగించేటప్పుడు ఒక పోగు జారి పక్క టెర్మినల్‌కు తగిలినా రిసీవర్ తనను తాను కాపాడుకోడానికి ఆగిపోతుంది (ప్రొటెక్షన్), కొసలు బాగా మెలిపెట్టండి.

చెవి మీద నమ్మకం లేకపోతే 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ చాలు. రిసీవర్ దగ్గర ఆ స్పీకర్ వైర్లు రెండూ ఊడదీయండి. ఎర్ర టెర్మినల్‌లోంచి తీసిన వైరును సెల్ ప్లస్‌కు, నల్లదాన్లోంచి తీసినదాన్ని మైనస్‌కు అర సెకను తాకించండి. ‘టక్’మంటుంది. స్పీకర్ జాలీ తీసి ఇంకొకరు పక్కనుంచి టార్చి వేసి చూడాలి. కోన్ బయటికి వస్తే సరిగ్గా ఉంది, లోపలికి పోతే గోడలోనో, స్పీకర్ వెనకో తిరగబడింది. గోడ పగలగొట్టక్కర్లేదు, రిసీవర్ దగ్గరే మార్చి, ప్లస్ వైరుకు ఎర్ర టేపు చుట్టండి. వూఫర్‌ను, అంటే పెద్ద కోన్‌ను మాత్రమే చూడాలి. కొన్ని స్పీకర్లలో ట్వీటర్‌ను (సన్న స్వరాలు పలికే చిన్నదాన్ని) కంపెనీవాళ్లే తిప్పి కలుపుతారు. సొంత ఆంప్లిఫయర్ ఉన్న సబ్ వూఫర్‌కు ఈ సెల్ పరీక్ష చెయ్యకండి.

రిసీవర్‌తో వచ్చిన మైకు పెట్టి ఆటో సెటప్ చేశాం కదా అంటారా? ఆ మైకు దీన్ని చెప్తుంది, సరిచెయ్యదు. యమహా ఆటో సెటప్ ‘వైపావో’లో డబ్ల్యూ-1 అనే హెచ్చరిక, డెనాన్‌లో ఫేజ్ అనే సందేశం వచ్చేది దీనికే. అందరూ ‘స్కిప్’ నొక్కి ముందుకు పోతారు. కొన్ని స్పీకర్లకు, ప్రతిధ్వని ఎక్కువున్న గదులకు ఆ హెచ్చరిక ఊరికే కూడా వస్తుంది, కాబట్టి తీర్పు సెల్‌దే. వైర్లు సరిచేశాక సెటప్ మళ్లీ ఒకసారి నడపండి.

ఇప్పుడు సబ్ సంగతి. రిసీవర్ సెట్టింగుల్లో స్పీకర్లను ‘స్మాల్’, క్రాసోవర్‌ను (బాస్ సబ్‌కు మళ్లే హద్దును) 80 హెర్ట్జ్ పెట్టండి, సబ్ సెట్టింగు ‘ఎల్ఎఫ్ఈ ప్లస్ మెయిన్’ ఉంటే ‘ఎల్ఎఫ్ఈ’కి మార్చండి. ‘లార్జ్’ పెట్టి ‘ఎల్ఎఫ్ఈ ప్లస్ మెయిన్’ ఉంచితే ఒకే బాస్ రెండుచోట్ల నుంచి వచ్చి డమడమమంటుంది. ‘స్మాల్’ అంటే మీ స్పీకర్లను చిన్నబుచ్చడం కాదు, లోతైన బాస్‌ను సబ్‌కు వదిలెయ్యడం. స్టీరియో మోడ్‌లోనే 80 హెర్ట్జ్ టోన్ వేసి, సబ్ వెనకున్న ఫేజ్ స్విచ్‌ను 0, 180 మధ్య మార్చండి. కూర్చునేచోట ఎక్కువ వినిపించేదే ఉంచండి.

గది గురించి నాలుగు ముక్కలు. మన హాళ్లలో కింద టైల్స్, పక్కన బాల్కనీ గాజు తలుపు. చప్పట్లు కొడితే ‘టింగ్’మని మోగుతోందంటే స్పీకర్లకూ మీకూ మధ్య ఒక మందపాటి తివాచీ, గాజుకు పొడవాటి కర్టెన్ వెయ్యండి. ట్వీటర్ కూర్చున్న మనిషి చెవి ఎత్తులో ఉండాలి. స్పీకర్‌ను టీవీ యూనిట్ అరలోకి నెట్టకండి, తప్పకపోతే అర అంచుదాకా ముందుకు లాగండి.

ట్వీటర్ కాలిపోవడం, రిసీవర్ చానల్ పోవడం అరుదు. అనుమానముంటే ఎడమ, కుడి వైర్లు రిసీవర్ దగ్గర మార్చండి. లోపం పక్క స్పీకర్‌కు పోతే తప్పు రిసీవర్‌ది, లేదా పాట వచ్చే దారిది. కదలకపోతే వైరుదో స్పీకర్‌దో. గుంయ్‌మనే శబ్దముంటే కేబుల్ టీవీ వైరు పీకి చూడండి.

వైరు మార్చక తప్పకపోతే కోఠి గుజరాతీ గల్లీలో 14 గేజ్ మందం స్పీకర్ వైరు అడగండి, అంతకంటే ఖరీదైనది అనవసరం. కొనేముందు ఒక పోగును బ్లేడుతో గీకండి. రాగి రంగు పోయి లోపల తెల్లగా కనిపిస్తే అది అల్యూమినియం, అక్కడే వదిలేయండి. పైన తెల్లగా ఉండి లోపల ఎర్రగా ఉంటే తగరం పూత పూసిన రాగి, నిక్షేపంలా వాడుకోవచ్చు.