పరాయి దేశంలో మామూలు రోజుల్ని దాచుకోవడం ఎలా

సింగపూర్‌లో ఆరేళ్లు పనిచేసి శ్రీకాకుళం తిరిగొచ్చాను. ఈమధ్య మా చిన్నాన్న కొడుకు కూడా అక్కడికే బయల్దేరుతూ "అన్నయ్యా, అక్కడ ఏటేటి చూడాలో చెప్పు" అని అడిగాడు. చూడాల్సినవి ఎవరైనా చెబుతారు. నేను వాడికి చెప్పింది వేరే సంగతి. నా దగ్గర మెరీనా బే ముందు నిలబడి దిగిన ఫొటోలు నలభై దాకా ఉన్నాయి, ఆరేళ్లు రోజూ పొద్దున్నే నిలబడిన బస్సు స్టాపు ఫొటో మాత్రం ఒక్కటీ లేదు. ఇప్పుడు కళ్లు మూసుకుంటే గుర్తొచ్చేది ఆ స్టాపే, అదీ సగం చెరిగిపోయి. వాడికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. మీరు దుబాయిలో ఉన్నా, జర్మనీలో చదువుకుంటున్నా పనికొస్తాయి.

వెళ్లిన మొదటి నెలలోనే మొదలుపెట్టండి. అప్పుడు ప్రతిదీ కొత్తగా ఉంటుంది కాబట్టి కంటికి కనిపిస్తుంది, మూడో నెలకి అదే దారిలో ఫోన్ చూసుకుంటూ నడుస్తాం. ఒక రోజు గది తలుపు దగ్గర నుంచి పని చోటు దాకా దారంతా ఫొటోలు తీయండి. లిఫ్టు, చెప్పుల వరస, మెట్ల కింద సైకిళ్లు, ఏదీ వదలొద్దు. సింగపూర్‌లో ప్రభుత్వ ఇళ్ల బ్లాకుల్లో కింది అంతస్తు ఖాళీగా వదిలేస్తారు, ముసలివాళ్లు కూర్చుంటారు, పెళ్లిళ్లూ చావులూ కూడా అక్కడే జరుగుతాయి. మన ఊళ్లో రచ్చబండ లాంటి చోటు, నేనేమో దాన్ని దాటుకుంటూ పోయేవాడినే తప్ప ఒక్క ఫొటో తీయలేదు.

ఫొటో కంటే ముఖ్యమైనది చప్పుడు. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి జేబులో పెట్టుకుని రెండు నిమిషాలు నడిస్తే చాలు. అక్కడి మెట్రోలో ఇంగ్లీషు, చైనీసు, మలయ్‌తో పాటు తమిళంలో కూడా రైలుకీ ప్లాట్‌ఫారానికీ మధ్య సందు చూసుకోమని చెప్పేవారు. మొదటి రోజుల్లో ఆ తమిళం వింటే, మన భాష కాకపోయినా, ఎవరో చుట్టాలు పలకరించినట్టు ఉండేది. ఇంటికి చేసే ఫోన్లు కూడా నెలకి ఒకటైనా, అవతలివాళ్లకి చెప్పే, రికార్డు చేయండి. అక్కడికీ మనకీ రెండున్నర గంటల తేడా. నేను రాత్రి తొమ్మిదికి చేస్తే అమ్మకి సాయంత్రం ఆరున్నర, దీపం పెట్టే వేళ. అమ్మ "తిన్నావేటి" అని అడుగుతుంటే వెనక ఆమదాలవలస స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినబడేది. అలాంటివి నా దగ్గర మూడే ఉన్నాయి, వందల ఫోన్లలో మూడు.

ఇక తిండి. ఏం తిన్నారో రాస్తే సరిపోదు, ఎలా అడిగారో రాయండి. అక్కడ హాకర్ సెంటర్లని పెద్ద పెద్ద తిండి కొట్ల సముదాయాలు ఉంటాయి, 2020లో యునెస్కో వాటి సంస్కృతిని తన వారసత్వ జాబితాలో చేర్చింది కూడా. అక్కడ కాఫీని "కోపి" అంటారు. మా అమ్మ "కాపీ" అనే మాటకి ఎంత దగ్గరో చూడండి, మొదటిసారి విన్నప్పుడు నాకు నిజంగా గుండె ఝల్లుమంది. గింజల్ని చక్కెర, వెన్నలాంటి కొవ్వు వేసి వేయిస్తారు, గుడ్డ సంచిలో వడగడతారు. ఊరికే కోపి అంటే తియ్యటి చిక్కటి డబ్బా పాలతో ఇస్తారు. కోపి ఓ అంటే పాలు లేకుండా చక్కెరతో, కోపి సీ అంటే తీపి కలపని డబ్బా పాలూ చక్కెరా వేసి. చక్కెర తగ్గించమనడానికి "స్యూ దాయ్" అనాలి, అసలు వద్దంటే "కోసొంగ్". ఈ మాటలు నాకు నేర్పింది మా బ్లాకు కింద కొట్టు నడిపే ఒక ముసలాయన. మూడో నెల నుంచి నేను కనబడగానే అడక్కుండానే కోపి సీ స్యూ దాయ్ కలిపేవాడు. ఇలాంటి మాటలు, అవి చెప్పే యాస, ధర, గ్లాసు ఎలా ఉంటుందో అన్నీ రాసుకోండి. కూర్చోబోయే కుర్చీ మనదని చెప్పడానికి టేబుల్ మీద టిష్యూ పొట్లం పెట్టి వెళ్తారు, దాన్ని "చోప్" చేయడం అంటారు. మన దగ్గర బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసినట్టే.

రాయడం అనగానే డైరీ కొనేయకండి, పది రోజుల్లో ఆగిపోతుంది. వారానికి మూడు వాక్యాలు చాలు, అదీ ఇంట్లో మాట్లాడే భాషలోనే. నావి ఇలా ఉంటాయి: "మంగళవారం. మధ్యాహ్నం పిడుగులతో వాన, అరగంటలో ఎండ. టెక్కా మార్కెట్లో మునక్కాడలు దొరికాయి, చారు పెట్టాను, గదిలో వాళ్లందరూ తిన్నారు." ఇంతే. ఇది చదివితే ఆ చారు వాసన కూడా వస్తుంది నాకు. "చాలా బాగా గడిచింది" అని రాసిన పేజీలు కూడా ఉన్నాయి, అవి చదివితే ఏమీ గుర్తురావు.

ప్రయాణాలకి కూడా ఇదే పద్ధతి. చేరిన చోటు కంటే వెళ్లిన దారి రాయండి. పులావ్ ఉబిన్ అనే చిన్న దీవికి చాంగీ పాయింట్ రేవు నుంచి చెక్క పడవలు వెళ్తాయి, 12 మంది పోగయ్యేదాకా కదలవు. మా శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో ఆటో నిండితేనే కదిలినట్టు! ఆ పడవలో ఎదురుచూస్తూ కూర్చున్న ఇరవై నిమిషాలు నాకు దీవి కంటే బాగా గుర్తున్నాయి, ఎందుకంటే ఆ రోజు పక్కనున్నవాళ్ల మాటలు రాసుకున్నాను. ఇంకొకటి, సింగపూర్‌లో ఇప్పుడు పాస్‌పోర్టు మీద ముద్ర వేయడం లేదు, కాబట్టి ఏ తేదీన ఎక్కడికి వెళ్లారో మీరే రాసుకోవాలి.

టికెట్లు, బిల్లులు దాచుకునేవాళ్లు ఒకటి గమనించండి. మిషన్‌లోంచి వచ్చే నున్నటి కాగితం మీద సిరా ఉండదు, వేడికి నల్లబడే పూత ఉంటుంది. కొన్నేళ్లలో అక్షరాలు ఎగిరిపోతాయి, ప్లాస్టిక్ కవర్లో పెడితే ఇంకా తొందరగా పోతాయి. పక్కనే మలేషియాలో ఉన్న మలక్కాకి నేను వెళ్లిన బస్సు టికెట్ ఇప్పుడు తెల్ల కాగితం. తెచ్చిన రోజే ఫొటో తీసి, అసలుది మామూలు కాగితం కవర్లో పెట్టండి. మన సముద్రపు గాలికి చెమ్మ ఎక్కువ, చెదల భయం కూడా ఉంది, రేకు డబ్బాలో పెట్టి బీరువా పై అరలో ఉంచితే మంచిది.

ఇప్పుడు చెప్పేది మాత్రం తప్పకుండా చేయండి. తిరిగొచ్చేముందు మీ మెయిల్‌కి, ఫొటోల ఖాతాకి ఉన్న ఫోన్ నంబర్ మన దేశం నంబర్‌గా మార్చండి. నేను మార్చలేదు. అక్కడి సిమ్ రద్దయింది, ఇక్కడ కొత్త ఫోన్ కొన్నాక ఓటీపీ ఆ పాత నంబర్‌కే వెళ్లింది, ఎన్నిసార్లు ప్రయత్నించినా ఖాతా తెరుచుకోలేదు. రెండేళ్ల ఫొటోలు పోయాయి. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. ఫొటోలు ఖాతాలో ఒకచోట, హార్డ్ డిస్క్‌లో ఒకచోట ఉంచండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గుతుంది, తీసిన తేదీ, చోటు వివరాలు కూడా పోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే ఉంటాయి.

ఇంటికొచ్చాక మొదటి రెండు నెలల్లోనే అన్నీ ఇంట్లోవాళ్లకి చూపించండి, ఒకేసారి కాదు, రోజుకి ఐదారు. వాళ్లడిగే ప్రశ్నల్లోంచి మనం మరిచిపోయినవి బయటికొస్తాయి, అవి వెంటనే రాసుకోవాలి. మా అమ్మకి డబ్బా పాలతో కోపి కలిపిచ్చి ఆ కొట్టు సంగతి చెప్పాను. రెండు గుక్కలు తాగి, "ఆ కాపీ కొట్టాయనకి నీ పేరు తెలుసేటి?" అని అడిగింది. తెలీదు. నాకూ ఆయన పేరు తెలీదు, ఆరేళ్లూ అంకుల్ అనే పిలిచాను, వచ్చేరోజు వెళ్తున్నానని కూడా చెప్పలేదు. మీరు బయల్దేరే వారంలో ఒక పూట ఖాళీ చేసుకుని, రోజూ పలకరించిన వాళ్ల దగ్గరికి వెళ్లి, మీ పేరు చెప్పి, వాళ్ల పేరు అడిగి రాసుకోండి.