చూడి ఆవు నుంచి పాడి ఆవు దాకా – 4వ పాఠం: మైలను (ఈనాక గర్భసంచి నుంచి కారే స్రావాన్ని) చదవడం

పోయిన పాఠంలో, ఈనడానికి మూడు వారాల ముందు నుంచి ఆవు తిన్న మేతను రోజూ తూచి రాసుకోమన్నాను. ఎందుకో చెప్పలేదు. ఇప్పుడు ఆ పుస్తకం తీయండి.

ఈనే రోజు దగ్గరపడేకొద్దీ మేత కొంత తగ్గడం మామూలే. కానీ ఈనాక గర్భసంచికి జబ్బు చేసే ఆవుల్లో చాలావాటికి, మిగతావాటికన్నా మేత ముందుగానే, ఎక్కువగా పడిపోతుంది. జబ్బు కంటికి కనిపించేది ఈనిన వారానికి. దానికి దారి పడేది మాత్రం ఈనకముందే.

ఈనిన తర్వాత మొదటి రెండు వారాల్లో దాదాపు ప్రతి ఆవు గర్భసంచిలోనూ సూక్ష్మజీవులు ఉంటాయి. దూడ బయటికొచ్చిన దారి తెరిచే ఉంటుంది కదా, అవి లోపలికి పోకుండా ఆపలేం. కొట్టం ఎంత కడిగినా అంతే (కడగొద్దని కాదు). మరి కొన్నిటికే జబ్బెందుకు? తేడా ఆవు ఒంట్లో ఉంది. సూక్ష్మజీవుల్ని మింగేసే తెల్ల రక్తకణాలు, అంటే న్యూట్రోఫిల్స్, ఈనే సమయానికే నీరసపడతాయి. ఈనడానికి రెండు మూడు వారాల ముందు మొదలైన నీరసం ఈనిన మూడు నాలుగు వారాలకు గానీ పూర్తిగా తీరదు. వాటికి గ్లూకోజ్ కావాలి, అదేమో పాల తయారీకి పోతుంది. కాల్షియం కావాలి, అది జున్నుపాలలోకి పోతుంది. పది లీటర్ల జున్నుపాలలో సుమారు 23 గ్రాముల కాల్షియం ఉంటుంది. ఆవు రక్తం మొత్తంలో ఏ సమయంలో చూసినా ఉండేది 3 గ్రాములే! కాల్షియం బాగా పడిపోయి, అంటే పాల జ్వరం వచ్చి, కూలబడిన ఆవు ఎలాగూ కనిపిస్తుంది. కూలబడకుండా, కాల్షియం కొంచెం తగ్గి నిలబడే ఉన్న ఆవుతోనే చిక్కు. మేత తగ్గితే ఒంటి కొవ్వు కరిగి రక్తంలోకి వస్తుంది. అదీ ఈ కణాలకు పడదు.

మాయ పడటం కూడా వీటి పనే. గర్భసంచి గోడ మీది బొడిపెలకు అతుక్కున్న మాయను పరాయిదిగా గుర్తించి విడదీయడంలో ఈ కణాల చెయ్యి ఉంది. అందుకే 24 గంటలు దాటినా మాయ పడలేదంటే, అది మాయ ఒక్కదాని సమస్య కాదు. చెయ్యి పెట్టి లాగితే లోపలి పొర చిరిగి సూక్ష్మజీవులకు ఇంకా దారి దొరుకుతుంది. లాగకండి. వేలాడుతుంటే చూడలేక నేనూ ఒకప్పుడు లాగినవాణ్ణే.

ఇక ఈ పాఠంలో నేర్చుకోవాల్సిన పని. ఈనిన రోజు నుంచి పది రోజులు, పొద్దున్నే ఆవు లేవకముందు దాని వెనక్కి వెళ్లండి. పడుకున్నప్పుడు పొట్ట ఒత్తిడికి లోపలున్న మైల బయటికి వస్తుంది. లేచి నాలుగడుగులు వేసిందంటే తొక్కేసి, పేడలో కలిపేస్తుంది. తోక కింద, పడుకున్న చోట ఏముందో చూడండి. ముదురు ఎరుపో గోధుమ రంగో ఉండి, చిక్కగా జిగురుగా సాగుతుంటే అది మంచి మైలే, ఎక్కువగా పడుతున్నా కంగారు వద్దు. రెండో వారం దాటేసరికి రంగు తేలిపోతూ, తగ్గుతూ పోతుంది. మాంసం కడిగిన నీళ్లలా పలచగా ఉండి, కుళ్లు కంపు కొడితే మాత్రం ఆలోచించాల్సిందే. ఆ కంపును ఒక్కసారి పీల్చిన ముక్కు మళ్లీ పొరబడదు. మైలను ముట్టుకోవాలంటే గ్లవుజు తొడుక్కోండి.

తర్వాత థర్మామీటర్. మలద్వారంలో పెట్టి, కొన లోపలి గోడకు ఆనేలా కాస్త పక్కకు వంచండి. పేడ ముద్దలో గుచ్చుకుంటే తక్కువ చూపిస్తుంది. ఆవుకు 38.5 డిగ్రీల సెల్సియస్ అటూ ఇటూ మామూలు. 39.5 దాటి, మైల కంపు కొడుతూ, మేత, పాలు కూడా తగ్గాయంటే పశువైద్యుణ్ణి అదే రోజు పిలవండి, రేపు చూద్దాం అనుకోకండి. మందు ఏది, ఎన్ని రోజులు అనేది ఆయన చెప్పాలి. మందు వాడాక పాలు ఎన్నాళ్లు అమ్మకానికి పోయకూడదో కూడా మరవకుండా అడగండి. ఇంట్లో మిగిలిన మందు గర్భసంచిలో పోయడం వద్దు.

మూడు వారాలు దాటాక జ్వరం లేకుండా, కంపు లేకుండా, చీము తీగలు మాత్రమే కనిపించే రకం ఒకటుంది. ఆవు తింటుంది, పాలిస్తుంది, ఎదకూ వస్తుంది, కానీ చూలు నిలవక తిరిగి పొర్లుతుంది, అంటే మళ్లీ ఎదకే వస్తుంది. దాన్ని ఆరో పాఠంలో చూద్దాం.

ఈసారి అభ్యాసం ఇది. ఈనిన మూడో రోజు, మాయ పడింది. ఒంటి వేడి 39.6. మైల ఎర్రగా చిక్కగా ఉంది, కంపు లేదు. మేత నిన్నటికన్నా పెరిగింది, పాలూ పెరిగాయి. బయట ఎండ మండిపోతోంది. మీరేం చేస్తారు? సాయంత్రం మళ్లీ ఏమేం చూస్తారు? మీ జవాబు పుస్తకంలో రాసి తేదీ వేయండి. నా జవాబు ఐదో పాఠం మొదట్లో ఉంటుంది.