దసరా లోపు బండికి ఇంట్లోనే స్ప్రే పెయింటా? ముందు ఇవి చూసుకోండి

ఆయుధపూజకు బండి మెరవాలని చాలామంది స్ప్రే డబ్బాలు కొనేది ఈ వారాల్లోనే.

• ట్యాంకు విప్పి, పెట్రోల్ పూర్తిగా తీసి, మూతా కింది రంధ్రమూ మూసేయండి. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరే ఎక్కువగా అంటుకుంటుంది. డబ్బాలోని గ్యాసూ మండేదే. దగ్గర్లో పొయ్యి, దీపం, హీట్ గన్ ఉండకూడదు.

• ట్యాంకు మీదికి హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలిసే టూకే క్లియరే (రంగు మీద వేసే పారదర్శక పూత) కొనండి. మామూలు క్లియర్ మీద పెట్రోల్ ఒలికితే మెత్తబడి లేస్తుంది, పనంతా మళ్లీ మొదటికే. అయితే టూకేలో ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటుంది, ఊపిరితిత్తులకు చాలా చెడ్డది. గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. రసాయన ఆవిరిని వడకట్టే ఆర్గానిక్ వేపర్ కాట్రిడ్జ్ మాస్కు లేకపోతే ఆ ఒక్క కోటూ షాపులో వేయించుకోవడమే మేలు.

• ఎమరీ పట్టకముందే జిడ్డు, పాలిష్ తుడవాలి. తర్వాత తుడిస్తే గీతల్లో ఇరుక్కున్న పాలిష్ రంగును గుంటలు గుంటలుగా విడగొడుతుంది.

• పాత రంగు మీద కనబడని చోట కొంచెం స్ప్రే కొట్టి, ఒక రోజు ఆగండి. పాత రంగుకు కొత్తది పడకపోతే ముడతలు లేస్తాయి.

• ముసురు రోజు వద్దు. గాలిలో తేమ ఎక్కువైతే రంగు తెల్లగా మసకబారుతుంది.

• కోటుకూ కోటుకూ మధ్య 10–15 నిమిషాలు, డబ్బాకూ బండికీ దూరం 20–25 సెంటీమీటర్లు. డబ్బా మీద వేరేలా రాసుంటే అదే పాటించండి.

• రంగే మారుస్తుంటే ఆర్సీలోనూ మార్పించాలి. ముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి.