క్యాన్సర్ ముప్పును ఇంట్లోనే అంచనా వేసుకోవడం ఎలా

ముందుగా ఒక కాగితంపై ఇంటిల్లిపాది వయసులనూ, రక్తసంబంధీకులలో ఎవరికి, ఏ వయసులో, ఏ అవయవానికి క్యాన్సర్ వచ్చిందో ఆ వివరాలనూ రాసుకోవాలి. ఇవి మనం మార్చలేనివే అయినా, పరీక్షలు ఎప్పుడు మొదలుపెట్టాలో వైద్యుడు నిర్ణయించేది వీటిని చూసే.

తరువాత పొగాకు. విశాఖపట్నం చుట్టుపక్కల పల్లెల్లో కొందరు పెద్దవయసు స్త్రీలు చుట్టను నిప్పున్న కొన నోటిలోపల ఉండేలా పెట్టుకొని కాలుస్తారు. అడ్డపొగ అనే ఈ అలవాటు వేడినీ పొగనూ నేరుగా అంగిలికి తగిలించి అక్కడ క్యాన్సర్‌కు దారితీస్తుంది కనుక, అమ్మమ్మ ఎంత తేలికగా కొట్టిపారేసినా దాన్ని రాయవలసిందే. గుట్కా, ఖైనీలనూ అలాగే రాయాలి. పొగాకు కలపని వక్క సైతం క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో వెలువరించిన సంపుటంలో పేర్కొంది.

క్యాన్సర్ ముప్పును పెంచే మద్యాన్నీ, అధిక బరువునూ దాచకుండా రాయాలి.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ప్రధాన కారణం హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) కాబట్టి, 9 నుంచి 14 ఏళ్ల బాలికలకు టీకా వేయించారో లేదో, 30 దాటిన స్త్రీలు ఆ క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నారో లేదో రాసుకోవాలి.

రెండు వారాలకు మించి మానని నోటిపుండు గానీ, తెల్లని లేదా ఎర్రని మచ్చ గానీ కనిపిస్తే, ఆ కాగితంతోనే విశాఖపట్నంలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికో, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో వెళ్లి చూపించుకోవాలి.