ఒక దేశం ఇంధన లెక్కలు సొంతంగా చదవడం ఎలా

ఫలానా దేశంలో స్థాపిత విద్యుత్ సామర్థ్యం సగం దాకా బొగ్గు, గ్యాస్ కానిదే అని వార్త వస్తే, అక్కడ బొగ్గు కాల్చడం సగానికి తగ్గిందని చాలామంది అనుకుంటారు. భారత్ 2025 మధ్యలో ఆ సగం గీత దాటింది. కానీ 2024-25లో దేశంలో పుట్టిన కరెంటులో 70 శాతానికి పైగా బొగ్గుదే. రెండు అంకెలూ నిజమే. మొదటిది మెగావాట్ల లెక్క, రెండోది యూనిట్ల లెక్క. ఒక దేశం పునరుత్పాదక ఇంధనం వైపు ఎంత మళ్లిందో తేల్చాలంటే మెగావాట్ల నుంచి యూనిట్లకు, యూనిట్ల నుంచి గంటలకు దిగాలి. అంతదాకా వెళ్లకుండా మెచ్చుకున్నా, తప్పుపట్టినా తొందరపాటే.

ముందు కొలతలు ఒకటి చేయండి

నివేదికల్లో బొగ్గు టన్నుల్లో, చమురు బ్యారెళ్లలో, గ్యాస్ ఘనపు మీటర్లలో, కరెంటు యూనిట్లలో ఉంటుంది. అన్నీ ఒకే కొలతలోకి తేకుండా కూడికలు మొదలుపెట్టకండి. దేశమంత లెక్కకు టెరావాట్-అవర్ తేలిక. ఒక టెరావాట్-అవర్ అంటే 100 కోట్ల యూనిట్లు. ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్-అవర్, అది 3.6 మెగాజౌళ్లు. చమురు సమాన టన్నుల్లో అంకె ఇస్తే 11.63తో గుణించండి, మెగావాట్-అవర్లు వస్తాయి.

ఎక్కువ తప్పులు జరిగేది బొగ్గు దగ్గర. టన్ను బొగ్గులో వేడి అన్నిచోట్లా ఒకలా ఉండదు. తేమ ఎక్కువున్న లిగ్నైట్‌లో కిలోకు 10 మెగాజౌళ్లే ఉండొచ్చు, మేలురకం నల్లబొగ్గులో 25 దాటొచ్చు. అందుకే ఆ దేశం తన బొగ్గుకు ప్రకటించిన కెలోరిఫిక్ విలువనే (కిలో కాలిస్తే వచ్చే వేడి) వాడాలి. స్వదేశీ బొగ్గుకు, దిగుమతి బొగ్గుకు వేర్వేరు విలువలిస్తే వాటిని విడివిడిగానే మార్చండి. గ్యాస్‌కైతే గ్రాస్ విలువ (కాలినప్పుడు పుట్టే నీటి ఆవిరిలోని వేడి కూడా కలిపింది) ఇచ్చారా, నెట్ విలువ (అది తీసేసింది) ఇచ్చారా చూడండి. ఆ రెండింటి మధ్య తేడానే దాదాపు 10 శాతం.

మెగావాట్లను యూనిట్లు చేయడం

ఏడాదికి 8,760 గంటలు. సామర్థ్యాన్ని దానితో గుణిస్తే గరిష్ఠంగా ఎంత పుట్టగలదో తెలుస్తుంది. నిజంగా పుట్టినదాన్ని ఆ గరిష్ఠంతో భాగిస్తే వచ్చే శాతాన్ని థర్మల్ వాళ్లు పీఎల్‌ఎఫ్ (ప్లాంట్ లోడ్ ఫ్యాక్టర్) అంటారు, సోలార్ వాళ్లు సీయూఎఫ్ (కెపాసిటీ యుటిలైజేషన్ ఫ్యాక్టర్) అంటారు. 1,000 మెగావాట్ల సోలార్ 20 శాతంతో నడిస్తే ఏడాదికి సుమారు 175 కోట్ల యూనిట్లు. 1,000 మెగావాట్ల అణు కేంద్రం 85 శాతంతో నడిస్తే సుమారు 745 కోట్లు. అణు కేంద్రాన్ని మూసి, అన్నే మెగావాట్ల సోలార్ పెట్టి ‘భర్తీ అయింది’ అంటే, అందులో నాలుగో వంతు కూడా భర్తీ కాలేదన్నమాట.

ఈ శాతం మంచి తనిఖీ సాధనం కూడా. దేశం మొత్తానికి సోలార్ 35 శాతం వచ్చిందంటే ఎక్కడో పొరపాటుంది. సాధారణంగా కారణం డీసీ, ఏసీ గందరగోళం: కొన్ని దేశాలు ప్యానెళ్ల సామర్థ్యం రాస్తాయి, కొన్ని ఇన్వర్టర్ల సామర్థ్యం. ఒకే ప్లాంటులో ప్యానెళ్లు ఇన్వర్టర్ల కంటే 20 నుంచి 40 శాతం ఎక్కువ ఉండటం మామూలే. శాతం మరీ తక్కువ వస్తే, ఏడాది చివరి సామర్థ్యంతో భాగించారేమో చూడండి. డిసెంబరులో ఎక్కిన ప్లాంటు జనవరిలో కరెంటు ఇవ్వలేదు కదా. ఏడాది మొదటి, చివరి అంకెల సగటు తీసుకుంటే సరిపోతుంది.

పుట్టిన కరెంటు వేరు, అందిన కరెంటు వేరు

బొగ్గు ప్లాంటులో మిల్లులు, ఫ్యాన్లు, పంపులు తామే 6 నుంచి 9 శాతం దాకా తినేస్తాయి. గ్రాస్ ఉత్పత్తిలోంచి దాన్ని తీసేస్తే నెట్. దానికి దిగుమతి కలిపి, ఎగుమతి, నిల్వలో పోయింది, లైన్ల నష్టం తీసేస్తే వినియోగం. డెన్మార్క్‌లో పుట్టే కరెంటులో సగానికి పైగా గాలిదే. నార్వే, స్వీడన్, జర్మనీలతో లైన్లు ఉన్నాయి కాబట్టి మిగిలితే పంపుతుంది, తగ్గితే తెచ్చుకుంటుంది. అందుకే ‘శాతం’ అని కనిపించగానే, ఉత్పత్తిలో శాతమా, వినియోగంలో శాతమా అని అడగండి. ఇళ్ల పైకప్పుల సోలార్ చాలాచోట్ల గ్రిడ్ లెక్కలోకి రాదు, డిమాండ్ తగ్గినట్టు మాత్రమే కనిపిస్తుంది.

కరెంటు దాటి చూడండి

ప్రపంచం చివరికి వాడే ఇంధనంలో కరెంటు వాటా సుమారు ఐదో వంతే. మిగతాది వాహనాలు, బట్టీలు, బాయిలర్లు, పొయ్యిలు. నార్వే తన కరెంటులో దాదాపు 90 శాతం నీటి నుంచి తీస్తుంది, మరోవైపు చమురు, గ్యాస్ పెద్ద ఎత్తున ఎగుమతి చేస్తుంది. ఒక్క కరెంటు పట్టికే చూస్తే రెండో సంగతి కనబడదు. కాబట్టి ఎనర్జీ బ్యాలెన్స్ పట్టిక తీసుకోండి. అందులో పై భాగం సరఫరా, మధ్య భాగం మార్పిడి, కింది భాగం తుది వినియోగం.

మధ్య భాగాన్ని నిదానంగా చదవాలి. కిలోకు 20 మెగాజౌళ్లున్న బొగ్గులో 5.6 యూనిట్ల వేడి ఉంటుంది. 36 శాతం సామర్థ్యమున్న ప్లాంటు దాంట్లోంచి 2 యూనిట్ల కరెంటు తీస్తుంది. మిగతా మూడున్నర యూనిట్లకు పైగా వేడి చిమ్నీలోంచి, కూలింగ్ టవర్లలోంచి గాల్లో కలిసిపోతుంది. సోలార్ ఆ 2 యూనిట్లు ఇస్తే చాలు, 5.6 ఇవ్వక్కర్లేదు. ప్రాథమిక ఇంధనంలో (మార్పిడికి ముందు లెక్కగట్టే ఇంధనంలో) సౌర, పవన వాటా చిన్నగా కనబడటానికి ఇదొక కారణం. దీనికి తోడు అంతర్జాతీయ ఇంధన సంస్థ పద్ధతిలో అణు కరెంటును 33 శాతం సామర్థ్యంతో వెనక్కి లెక్కగడతారు: 100 యూనిట్లు 303 అవుతాయి. జల, పవన, సౌర కరెంటు 100కి 100గానే ఉంటుంది. పద్ధతి తెలియకుండా రెండు సంస్థల పట్టికలు పక్కపక్కన పెట్టకండి.

ఇంకో సంగతి మనసులో పెట్టుకోవాలి. వంటచెరకు, పిడకలు కూడా పునరుత్పాదకం కిందికే వస్తాయి. పొగతో కళ్లు మండే పొయ్యి మానేసి జనం గ్యాస్ పొయ్యికి మారితే, పట్టికలో ఆ దేశం వాటా పడిపోయినట్టు కనబడుతుంది. ఆడవాళ్ల ఊపిరితిత్తులకు మేలు చేసిన మార్పును వెనకడుగని రాయడం అన్యాయం. సంప్రదాయ బయోమాస్‌ను తీసి పక్కన వేరే వరసలో పెట్టండి.

గంటల లెక్క

ఏడాది సగటు దాచేసేది సాయంత్రాన్ని. గ్రిడ్ ఆపరేటర్ల గంటవారీ అంకెలు దొరికితే, ప్రతి గంటకూ డిమాండ్‌లోంచి సౌర, పవన ఉత్పత్తి తీసేయండి. మిగిలేది నెట్ లోడ్. ఒక ఊహా గ్రిడ్ తీసుకుందాం. మధ్యాహ్నం డిమాండ్ 10,000 మెగావాట్లు, సోలార్ 4,000, నెట్ లోడ్ 6,000. రాత్రి 7కి డిమాండ్ 11,000, సోలార్ సున్నా. ఆ కొద్ది గంటల్లో 5,000 మెగావాట్లు వేరే ఎక్కడినుంచైనా పైకి లేవాలి. బొగ్గు ప్లాంటును మధ్యాహ్నం పూర్తిగా ఆపితే సాయంత్రానికి మళ్లీ వేడెక్కించడానికి గంటలు పడుతుంది. అందుకని కనీస లోడు మీద నడుపుతూ ఉంచుతారు, అదీ కుదరకపోతే సోలార్‌నే తగ్గించమంటారు.

నిల్వ లెక్కలో మెగావాట్లు, మెగావాట్-అవర్లు రెండూ రాయండి. 1,000 మెగావాట్ల, 4,000 మెగావాట్-అవర్ల బ్యాటరీ నిండుగా పనిచేసేది 4 గంటలే. ఎక్కించిన ప్రతి 100 యూనిట్లలో బ్యాటరీ 85-90 తిరిగిస్తుంది, పంప్డ్ స్టోరేజ్ (నీటిని పైకి తోడి, మళ్లీ కిందికి వదిలి కరెంటు తీసే పద్ధతి) 75-80 ఇస్తుంది.

ఏళ్లు పోల్చేటప్పుడు

వానలు బాగా పడిన ఒక్క ఏడాదిని చూసి ముచ్చటపడొద్దు. యూరోపియన్ యూనియన్ తన లక్ష్యాల లెక్కలో జలవిద్యుత్‌ను 15 ఏళ్ల సగటుతో సర్దుతుంది. మీ పట్టికలో కనీసం ఐదేళ్ల సగటు పెట్టుకోండి. ఏప్రిల్-మార్చి ఏడాదినీ జనవరి-డిసెంబరు ఏడాదినీ ఒకే గడిలో కలపకండి.

అన్నీ అయ్యాక బ్యాలెన్స్ పట్టికలో ‘గణాంక వ్యత్యాసం’ వరస చూడండి. అది సరఫరాకూ వినియోగానికీ పొంతన కుదరని మొత్తం. ఏ ఇంధనం దగ్గర అది పెద్దగా ఉందో, ఆ ఇంధనం టన్నుల లెక్కనూ కెలోరిఫిక్ విలువనూ మళ్లీ మొదటినుంచి సరిచూడండి.