రక్తం మ్యాచింగ్ – 5వ పాఠం: సున్నా కనబడగానే కొట్టేయకండి

ఈసారి డఫీ రక్తవర్గం గురించి చెబుదామనుకున్నాను. పోయిన పాఠంలోని ప్యానెల్‌కు వచ్చిన జవాబులు చూశాక అది వాయిదా వేశాను. ప్యానెల్ అంటే ఏ యాంటిజెన్లు (కణం మీది గుర్తులు) ఉన్నాయో ముందే తెలిసిన కణాల వరుస; వాటిని రోగి సీరంతో కలిపి అందులో ఏ యాంటీబాడీ ఉందో కనిపెడతాం. సగంపైగా మంది "ఏ యాంటీబాడీ లేదు" అని రాశారు. ఒకరైతే రియేజెంట్ పాడైందన్నారు. పాడవలేదు. అందులో ఉన్నది యాంటీ జేకే-ఏ, అంటే కిడ్ రక్తవర్గంలోని జేకే-ఏ యాంటిజెన్ను పట్టే యాంటీబాడీ.

ఎక్కడ జారారో కూడా తెలుసు. 4వ కణం దగ్గర జేకే-ఏ ప్లస్, రియాక్షన్ సున్నా. యాంటిజెన్ ఉన్నా రియాక్షన్ రాలేదు కాబట్టి ఆ యాంటీబాడీ లేదనుకుని వెంటనే జేకే-ఏ మీద అడ్డగీత! పక్క గడి కూడా చూడాల్సింది. అక్కడ జేకే-బి (జేకే-ఏకు జంట యాంటిజెన్) కూడా ప్లస్. అంటే ఆ కణానికి జేకే-ఏ తల్లిదండ్రుల్లో ఒక్కరి వైపు నుంచే వచ్చింది, యాంటిజెన్ సుమారు సగమే ఉంటుంది. 1, 6, 9 కణాల్లో జేకే-బి లేదు, జేకే-ఏ రెండింతలు. బలహీనమైన యాంటీబాడీ వాటినే పట్టుకుంది, అదీ 1+ (బలహీన రియాక్షన్) మాత్రమే. 8వ కణం కూడా 4 లాంటిదే, అక్కడా సున్నానే. దీన్నే డోసేజ్ అంటారు. కిడ్, డఫీ, ఎం-ఎన్, ఎస్, ఆర్‌హెచ్‌లో పెద్ద-సి/చిన్న-సి, పెద్ద-ఇ/చిన్న-ఇ జంటలు... అన్నింటిలోనూ ఈ పేచీ ఉంది. కాబట్టి వీటిని డబుల్ డోసు (యాంటిజెన్ రెండింతలు ఉన్న) కణం మీద సున్నా వస్తేనే కొట్టేయాలి. నేను ప్యానెల్ చేతికి రాగానే, రియాక్షన్లు చూడకముందే, సింగిల్ డోసు గడులన్నిటికీ పెన్సిల్‌తో గుండ్రంగా గీత చుడతాను. కెల్ రక్తవర్గంలోని పెద్ద-కె దగ్గర మాత్రం నేనూ సర్దుకుపోతాను. డబుల్ డోసు కె కణం ప్యానెల్లో దొరకడం అరుదు.

కిడ్ మీద ఇంత పట్టు ఎందుకంటే, ఆ యాంటీబాడీ కొన్ని నెలల్లో కనబడకుండా పోతుంది. యాంటీబాడీ స్క్రీన్ నెగటివ్, క్రాస్‌మ్యాచ్ (రోగి సీరం, దాత కణాలు కలిపి చూసే పరీక్ష) సరిపోయింది, రక్తం ఎక్కించారు. వారం పది రోజులకు ఆ యాంటీబాడీ మళ్ళీ పెరిగి, హిమోగ్లోబిన్ పడిపోయి, కళ్ళు పచ్చబడతాయి. అందుకే పాత రిపోర్టులో ఒక్కసారి యాంటీ జేకే-ఏ అని ఉంటే, ఇప్పటి టెస్టు ఏం చెప్పినా ఆ రోగికి ఎప్పటికీ జేకే-ఏ లేని యూనిట్లే.

యూనిట్లను టైపు చేసేటప్పుడు (వాటిలో ఏ యాంటిజెన్ ఉందో చూసేటప్పుడు) లెక్క తిరగబడుతుంది. అక్కడ పాజిటివ్ కంట్రోల్‌గా సింగిల్ డోసు కణమే వాడాలి. టైపింగ్ సీరం దాన్ని పట్టగలిగితేనే మిగతావాటిని నమ్మవచ్చు. రోగిని టైపు చేయాలంటే గత 3 నెలల్లో రక్తం ఎక్కించారా అని ముందు అడగండి. ఎక్కించి ఉంటే మీరు చూసేది దాత కణాలు కావచ్చు.

అభ్యాసం: రిపోర్టులో యాంటీ చిన్న-సి, యాంటీ జేకే-ఏ అని ఉంది. 100 మంది దాతల్లో చిన్న-సి లేనివారు 20, జేకే-ఏ లేనివారు 25 అనుకోండి. 2 యూనిట్లు కావాలంటే సుమారు ఎన్ని వెతకాలి? రోగి డి నెగటివ్ (మామూలుగా ఆర్‌హెచ్ నెగటివ్ అనేది ఇదే). లెక్క మొదలుపెట్టకముందే రిపోర్టు మీద మీకు ఒక అనుమానం రావాలి. రాకపోతే 2వ పాఠంలోని ఆర్‌హెచ్ పట్టిక తీసి, డి లేనివారిలో చిన్న-సి ఎందరికి ఉంటుందో చూడండి.